స్టేషన్ ముంగిట్లో కళ్ళం

గోవిందరావు రొయ్యల చెరువులు ఎత్తేసిన రోజున నేను సన్నగండిలోనే ఉన్నాను. విన్నది కాదు, కళ్ళారా చూసింది చెబుతున్నాను.

భావనపాడు దాటి పైకి పోతే ఉప్పుటేరు పక్కన ఉంటుంది సన్నగండి. జాలరి పల్లె. మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టి తట్టల్లో పెట్టుకుని ఊళ్ళ మీద తిరిగి అమ్ముతారు. ఒకప్పుడు ప్రభుత్వం ఈ పల్లె పేదలకి సాగు చేసుకోమని డి-పట్టా భూములిచ్చింది. వానొస్తే వరి, లేకపోతే చోళ్ళు పండేవి. టౌన్లో ఎరువుల షాపు నడిపే షావుకారు గోవిందరావు కళ్ళు వాటి మీద పడ్డాయి. కౌలుకి తీసుకున్నాడు. తీసుకోవడమంటే, కొందరికి తాగించాడు, కొందరికి ఆశ పెట్టాడు, ఒప్పుకోనివాళ్ళతో 'చుట్టూ చెరువులొచ్చాక మధ్యలో నీ మడి ఏం పండుతుంది' అన్నాడు. పేదల పట్టా భూమి కౌలుకి తీసుకోవడం తప్పని చట్టంలో ఉంది. ఆ చట్టం గోవిందరావు షాపులో కూర్చుని, కాఫీ తాగి, వెళ్ళిపోయింది.

ఏటి ఉప్పునీళ్ళు మోటార్లతో తోడి పొలాల్లో నింపాడు. కొన్నేళ్ళు రొయ్యలు బాగానే పెరిగాయి. టౌన్లో అతని మేడ మీద మరో మేడ లేచింది. సన్నగండిలో మంచినీళ్ళ బావి ఉప్పయింది. ఆ తర్వాత రొయ్యలకి తెల్లమచ్చ రోగం తగిలింది. చెరువులన్నీ కంపు కొట్టాయి. గోవిందరావు లారీ తెచ్చి మోటార్లు, పైపులు, ఆఖరికి కాపలా పాక మీది తాటాకులు కూడా ఎక్కించాడు. తాటాకులు వదిలే మనిషైతే షావుకారు ఎందుకవుతాడు?

లారీకి అడ్డంగా బుల్లమ్మ నిలబడింది. నలభై దాటిన మనిషి, ఎండకి కాలిన మొహం, నెత్తిన చేపల తట్ట. తట్ట దించకుండానే అడిగింది.

"ఎల్లిపోతన్నావు, సరే. మా బూమి ఎలగ తీసుకున్నావో అలగ సేసి ఇచ్చీసి ఎల్లు బాబూ."

"ఏం చెయ్యాలి?"

"గోతులు పూడ్సాలి. ఉప్పు తియ్యాలి."

గోవిందరావు డ్రైవరు వైపు చూసి నవ్వాడు. "ఉప్పు తియ్యడానికి నేనేమైనా దేవుణ్ణా? అయినా మీకు ఉప్పు కొత్తేటి? గీకి చేపలకి పట్టించుకోండి. ఊరికే ఇస్తన్నాను."

డ్రైవరు నవ్వాడు. కూలీలు నవ్వలేదు. బుల్లమ్మ తప్పుకోకపోయేసరికి, ఆమె చెయ్యి పట్టి పక్కకి లాగమని వాళ్ళకే చెప్పాడు గోవిందరావు. లాగారు. తట్ట పడింది. లారీ గట్టు దిగి, తాతమ్మ ఆరబెట్టిన నెత్తళ్ళ మీదుగా రోడ్డెక్కింది. తాతమ్మ పల్లెలో అందరికంటే పెద్దది. చక్రాల కింద నలిగిన చేపల్ని ఏరుకుంటూ అంది.

"ఈడి మీద ఉమ్మాలన్నా నోట్లో తడి దండగ."

మర్నాడు వలలు కుట్టే పాకలో మీటింగు పెట్టాం. నేను అప్పట్లో కూలి సంఘం తరఫున ఆ పల్లెలు తిరుగుతున్నాను. అందరం కలిసి తాసిల్దారు దగ్గరికి పోవాలనుకున్నాం, పోయాం. ఆయన భూమి చూడటానికి రాలేదు. కుర్చీలోంచే చూశాడు.

"అది సాగుకి పనికిరాని భూమి. సాగు చెయ్యకుండా వదిలేస్తే ప్రభుత్వం వెనక్కి తీసుకుంటుంది. ఏదైనా ఫ్యాక్టరీకి పనికొస్తుంది," అన్నాడు.

మంచిగా ఉన్నప్పుడు షావుకారు తీసుకున్నాడు, చెడ్డాక సర్కారు తీసుకుంటానంది. మధ్యలో ఆ నేల మీద బతికేవాళ్ళు ఇద్దరికీ కనపడలేదు. పాకకి తిరిగొచ్చాక బుల్లమ్మ భర్త లక్ష్ముడు తెగేసి చెప్పాడు.

"బూమి లేదు, ఏటి లేదు. నాను గుజరాత్ బోటుకి ఎల్లిపోతన్నాను. ఆ తెల్లమట్టిని ఎవడు తీసుకుంటే నాకేటి?"

"నువ్వెల్లు మావా," అంది బుల్లమ్మ. "బోటు మీద ముసిలోడివయ్యాక ఎక్కడికొస్తావు? సముద్రంలో ఇల్లు కడతావేటి?"

"నీ నోటికేటి, పండిస్తాది. ఆ నేల్లో గడ్డి కూడా మొలవదు."

పాక గుమ్మంలో కూర్చున్న కూర్మయ్య అప్పుడు నోరు విప్పాడు. కూర్మయ్యది కొండవైపు మెట్ట ఊరు. ఎండుచేపలు కొనడానికి ఎప్పుడూ వస్తుంటాడు. మందులు, ఎరువుల బస్తాలు వేసి వేసి అతని ఎర్రనేల రాయిలా బిగుసుకుపోతే, అవన్నీ మానేసి, పేడతో, ఆవు పంచకంతో, ఆకుతో మళ్ళీ మెత్తబరుచుకున్నాడు.

"నేల సచ్చిపోదు బావా. ఆకలితో పడుంటాది. దానికి కూడు పెట్టాల," అన్నాడు. "కాని నాకు ఉప్పు సంగతి తెలీదు. అది ముందు పోవాల."

"వాన నీళ్ళు కడితే దిగిపోతాది కదా," అంది తాతమ్మ. "గట్లు ఎలాగూ ఉన్నాయి. ఆడు కట్టినవే. వాన నిలబెడదాం. ఆటుకి గండి తీసి ఏట్లోకి వదిలీద్దాం. పోటుకి మూసీద్దాం. ఏరు ఎప్పుడు తగ్గుతాదో, ఎప్పుడు ఎగదన్నుతాదో మనకి తెలీదేటి?"

లక్ష్ముడు వెటకారంగా నవ్వాడు. "ఆ తరవాత పేడ. మనకి పేడెక్కడిదే? సేపలు పేడేస్తాయా?"

"మా ఊళ్ళో పేడుంది, సేపల్లేవు," అన్నాడు కూర్మయ్య.

పాకలో అందరూ ఒకేసారి మాట్లాడారు. తాతమ్మ మనవరాలు దేవి, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న పిల్ల, లేచి నిలబడి గొంతు పెంచింది. "ఎవరి మడి ఆళ్ళది అనుకుంటే ఒక్క గండి కూడా మూయలేం. నీరు అందరి మడిలోంచీ పోవాల. గట్టు కలిపి కొట్టాల, పంట కలిపి కొయ్యాల. ఒప్పుకున్నోళ్ళే రండి."

సగం మంది ఒప్పుకున్నారు. మిగతా సగం నవ్వుకుంటూ పోయారు. లక్ష్ముడు గుజరాత్ పోయాడు.

మొదటి ఏడు ఏమీ పండలేదు. ఆ సంగతి దాచడం దేనికి? వాన నీళ్ళు కట్టారు, వదిలారు. ఎండాకాలం రాగానే నేల మళ్ళీ తెల్లబడింది. పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ విత్తనం చల్లితే మొలిచినంత మొలిచి మాడిపోయింది. టౌన్లో గోవిందరావు షాపు ముందు ఇదే కబుర్లు. 'సన్నగండిలో ఉప్పు పండిస్తన్నారట, కిలో ఎంతో కనుక్కోండి' అని అతను అంటే, మందు డబ్బాల కోసం నిలబడ్డ రైతులు మర్యాదకి నవ్వేవారు. అప్పు మీద డబ్బాలు కొనేవాడు షాపువాడి హాస్యానికి నవ్వక చస్తాడా?

బుల్లమ్మ, తాతమ్మ, దేవి, మిగిలిన ఆడవాళ్ళు ఆ ఎండల్లోనే సరుగుడు తోపుల్లో రాలిన ఆకు ఊడ్చి, మోసుకొచ్చి నేలంతా దుప్పటిలా కప్పారు. ఎండ తగిలితే కింది ఉప్పు పైకి తేలుతుందని అప్పటికి తెలిసింది. మరుసటి ఏడు తుఫాను వానలు బాగా పడ్డాయి. కట్టారు, వదిలారు, మళ్ళీ కట్టారు. ఈసారి జీలుగ మోకాలెత్తు లేచింది. పూతకి రాగానే నేలలో కలియదున్నారు. కూర్మయ్య ఊరి నుంచి ఎడ్లబండి మీద పేడ, పంచకం వచ్చేవి. అదే బండి మీద ఎండుచేపలు పోయేవి. పేడ, పంచకం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మంచి గట్టుమట్టి నీళ్ళలో కలిపి జీవామృతం చేసి పోశారు. పల్లెలో పారేసే చేప పొట్టల్ని బెల్లంతో మురగబెట్టి అదీ పోశారు. గొర్రెల కాపరులు మంద తోలుకొస్తే పొలంలోనే పడుకోబెట్టి, కాపరులకి చేపల పులుసుతో అన్నం పెట్టారు. గట్టు మీద కూర్చుని నవ్విన సగం మంది ఒక్కొక్కరే గట్టు దిగారు.

లక్ష్ముడు గుజరాత్ నుంచి వచ్చేసరికి మడిలో బుల్లమ్మ వంగి మట్టి పెళ్ళ విరుస్తోంది. అతను సంచి భుజాన ఉండగానే గట్టు మీద కూర్చున్నాడు.

"ఏటే సూస్తన్నావు?"

"రా, సూడు."

పెళ్ళలో వానపాము మెలికలు తిరుగుతోంది. ఎర్రగా, సన్నగా. లక్ష్ముడు దాన్ని చాలాసేపు చూశాడు. సంచి గట్టు మీద పెట్టి, పంచె ఎగ్గట్టి మడిలోకి దిగాడు. మళ్ళీ గుజరాత్ వెళ్ళలేదు.

ఆ తర్వాతి ఖరీఫ్‌లో కూర్మయ్య ఒరిస్సా చుట్టాల దగ్గర సంపాదించిన, ఉప్పుకి తట్టుకునే పాత వరి విత్తనం వేశారు. పండింది. పక్కేడు ఇంకా బాగా పండింది. అయిదో ఏటికి సన్నగండి చేను రోడ్డు మీద బస్సులో పోయేవాళ్ళకి కనిపించేంత పచ్చగా ఉంది.

బస్సులో పోయేవాళ్ళకి కనపడింది గోవిందరావుకి కనపడదా?

ఈలోగా రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం పెద్ద మాటయింది. టీవీల్లో, సభల్లో అదే మాట. గోవిందరావు షాపులో పురుగుమందుల డబ్బాల పక్కనే కొత్త అర వెలిసింది. అందులో ప్లాస్టిక్ సీసాల్లో జీవామృతం. సీసా మీద ఆవు బొమ్మ, ఆవు పక్కన గోవిందరావు బొమ్మ. ఆవు కాస్త సిగ్గుపడుతున్నట్టే ఉంది. అతని మెడలో ఆకుపచ్చ కండువా వచ్చింది. రొయ్యలు పోయినా ముక్కుకి అలవాటైన కంపుని వదలలేని మనిషి, ఈసారి పేడ దగ్గర చేరాడు.

ఒకరోజు కారు దిగి, చేను గట్టున బోర్డు పాతించాడు. 'గోవిందరావు ప్రకృతి వ్యవసాయ క్షేత్రం.' బుల్లమ్మ వాళ్ళు పరుగున వచ్చారు.

"ఇదేటి?"

"కౌలు ఇంకా నడుస్తోంది కదమ్మా. నేను వదులుకున్నానని ఎప్పుడైనా చెప్పానా?" మాటలో తేనె కారుతోంది. "భయపడకండి. మీరే చేసుకుంటారు. పేరు నాది, పని మీది. వచ్చేవారం పెద్ద ఆఫీసర్లు వస్తన్నారు. నాకు 'ప్రకృతి సేద్య తపస్వి' అని బిరుదిస్తన్నారు. అప్పటిదాకా కోతలు కొయ్యకండి. ఫొటోల్లో చేను నిండుగా ఉండాలి."

"గింజ ముదిరిపోనాది. ఇప్పటికే రాలతన్నాది," అంది దేవి. "పైగా వాన ఉన్నాదంటన్నారు."

"రాలితే నాలుగు గింజలు రాలతాయి. ఆడవాళ్ళందరికీ ఆకుపచ్చ చీరలిస్తన్నాను. కట్టుకుని, కుండలు పట్టుకుని నా వెనక నిలబడండి. టీవీలో వస్తారు."

ఆ సాయంత్రం పాక నిండిపోయింది. చీరలు తీసుకుంటే తప్పేమిటని కొందరు, తగలబెట్టాలని కొందరు. ఒక కుర్రాడు బోర్డు పీకేద్దామన్నాడు. షావుకారుతో పెట్టుకుంటే పోలీసులొస్తారని, కేసులు పడితే వేట కూడా పోతుందని ఒక పెద్దాయన అన్నాడు. అతని భయం నిజమైనదే. ఎవరూ అతన్ని వెక్కిరించలేదు.

"ఉప్పు పట్టినప్పుడు మనది, పచ్చబడ్డాక ఆడిది," అన్నాడు లక్ష్ముడు. "నాను ఈ నేలని తెల్లమట్టన్నాను. నాకే దాని మీద అంత అక్కున్నాదో లేదో. ఆడికెలగొచ్చిందో సెప్పండి."

"బోర్డు పీకితే మళ్ళీ పాతుతాడు," అంది బుల్లమ్మ. "పంట కోసి ఇంటికి తెచ్చుకున్నోడిదే సేను. ఆఫీసర్లు రానీ, టీవీ రానీ. అందరూ సూస్తండగా కోద్దాం. పట్టుకెళ్ళేది ఒకర్నైతే భయం. ఊరుకి ఊరు దిగితే ఏటి సేస్తారు?"

"సీరలు తీసుకుందాం," అంది తాతమ్మ తాపీగా. "గింజలు మూట కట్టడానికి గుడ్డ కావాలి కదేటి."

సభ రోజున చేను పక్కనే షామియానా వేశారు. మైకులో పాటలు. సోఫాలో పెద్ద ఆఫీసరు, పక్కన గోవిందరావు, వెనక పట్టు చీరలో అతని భార్య సూర్యకాంతం. వక్త ఎవరో లేచి, గోవిందరావు గారు ఈ చవిటి నేలని తన చెమటతో కడిగారని చెబుతున్నాడు. గోవిందరావు ఆ మాటకి చెమట తుడుచుకున్నాడు. ఏసీ కారు దిగి ఎంతోసేపు కాలేదు, మరి పాపం ఎండ కదా.

ఆకుపచ్చ చీరల్లో ఆడవాళ్ళు నిలబడాల్సిన వరస ఖాళీగా ఉంది. జనం అటూ ఇటూ చూశారు. పల్లె వైపు నుంచి ఆడా మగా కొడవళ్ళతో చేలోకి దిగారు. నినాదాలేం లేవు. వంగారు, కోశారు. వరి దుబ్బుల మీద కొడవళ్ళు ఆడుతున్న చప్పుడు మైకులోకి కూడా వచ్చింది. కెమెరాలు స్టేజీ వదిలి చేను వైపు తిరిగాయి. శాలువా పట్టుకున్న ఆఫీసరు దాన్ని ఎవరికి కప్పాలో తెలీక చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డాడు.

గోవిందరావు గట్టు దాకా పరుగెత్తుకొచ్చాడు. తేనె అంతా కారిపోయింది. "ఎవర్నడిగి కోస్తన్నారే?"

బుల్లమ్మ నడుం ఎత్తింది. "గింజనడిగినాం. రాలిపోతన్నాను, కోసీండి అన్నాది."

"దొంగతనం ఇది. ఎస్సైగారూ, దొంగతనం."

బందోబస్తుకి వచ్చిన ఎస్సైకి ఇంతకంటే పెద్ద ఆధారం అక్కర్లేకపోయింది. ఐదేళ్ళు ఆ నేల మీద వంగిన నడుములు అతనికి ఆధారం కాదు, సోఫాలో కూర్చున్న మనిషి కేక ఆధారం. బుల్లమ్మనీ తాతమ్మనీ జీపెక్కించాడు. కోసిన పనలన్నీ 'కేసు ప్రాపర్టీ' అని ట్రాక్టరులో వేయించి స్టేషన్‌కి తరలించాడు. జీపు వెనక ట్రాక్టరు, ట్రాక్టరు వెనక సన్నగండి మొత్తం నడిచింది. దారిలో ఊళ్ళవాళ్ళు ఏమైందని అడుగుతూ కలిశారు.

స్టేషన్ ముంగిట్లో పనలు గుట్టగా పడేశారు. తూర్పున మబ్బు కమ్ముతోంది. తడిస్తే ఆ గుట్టలోనే గింజ మొలకెత్తుతుంది. దేవి స్టేషన్ వరండా మెట్టు దగ్గరికెళ్ళి ఎస్సైని అడిగింది.

"సార్, కేసు గింజ మీదా, గడ్డి మీదా?"

"ఏంటీ?"

"ఏది కావాలో సెప్పండి. గడ్డి మీకు వదిలీస్తాం."

అతను అర్థం చేసుకునేలోగా లక్ష్ముడు ఒక పన ఎత్తి ముంగిట్లోని సిమెంటు బల్ల మీద కొట్టాడు. గింజలు జలజలా రాలాయి. ఇంకొకరు ఎత్తారు, ఇంకొకరు. బల్ల మీద, మెట్ల మీద, జెండా దిమ్మ పక్కన పరిచిన టార్పాలిన్ మీద. గోవిందరావు పంచిన ఆకుపచ్చ చీరలు కింద పరిచారు. కొట్టేవాళ్ళు కొడుతుంటే తూర్పారపట్టేవాళ్ళు పల్లె నుంచి తెచ్చిన చేటలెత్తారు. పొల్లు ఎగిరి కానిస్టేబుళ్ళ టోపీల మీద, రైటరు కాఫీ గ్లాసులో, ఎస్సై మీసాల్లో పడింది. లాఠీలు పట్టుకుని దిగారు. ఎక్కడ కొట్టాలో తెలీలేదు. ముంగిలి నిండా మనుషులే, అందరూ వంగి పని చేస్తున్నారు, పైగా పక్క ఊళ్ళ జనం గేటు బయట నిండిపోయి చూస్తున్నారు. ఒక కానిస్టేబులు, వాళ్ళదీ వ్యవసాయపు ఇల్లే కాబోలు, లాఠీ గోడకి ఆనించి, తడుస్తుందని ఒక పన లోపలికి జరిపాడు. ఎస్సై అతన్ని చూసి కసిరాడు. పన మాత్రం బయటికి రాలేదు.

వాన పడే వేళకి గింజ అంతా మూటలయింది. గడ్డి స్టేషన్‌కి మిగిలింది.

బుల్లమ్మని రిమాండుకి పంపారు. ముసలిదని తాతమ్మని వదిలితే, ఆమె మెట్టు దిగనంది. "దాన్నెందుకు, నన్నెందుకు కాదు? నాను మటుకు కొయ్యలేదేటి?" దేవి బతిమాలి దింపాల్సొచ్చింది. వ్యాను ఎక్కుతూ బుల్లమ్మ జనం వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, గొంతులో లేవు.

"తడి ఆరకముందే పెసలు సల్లీండి. నాను లేనని నేల ఖాళీగా వదిలీకండి. మావా, నీకే సెప్తన్నాను."

"ఇంటన్నాను," అన్నాడు లక్ష్ముడు.

మర్నాడు చేను గట్టున ఇద్దరు కానిస్టేబుళ్ళని కాపలా పెట్టారు. సన్నగండి వాళ్ళ ఎదుటే దిగింది, పెసలు చల్లింది. కాపలావాళ్ళు బోర్డు నీడన కూర్చుని చూశారు. అంతకు మించి చేసేదేముంది?

మధ్యాహ్నానికి ఏటి అవతలి పల్లె జనం పడవల్లో వచ్చారు. ఆ పల్లెలోనూ గోవిందరావు తవ్వి వదిలేసిన చెరువులున్నాయి, వాళ్ళ పట్టా నేలలోనే. ముందు దిగిన నీలవేణి అనే ఆమె, వేటలో మొగుణ్ణి పోగొట్టుకుని ఇద్దరు పిల్లల్ని సాకుతున్న మనిషి, భుజాన గునపం పెట్టుకుని ఉంది.

"మీ బుల్లమ్మని జైల్లో పెట్టినారని ఇన్నాం," అంది. "మా గట్లు కొట్టడానికి ఎల్తన్నాం. ఎక్కడ మొదలెట్టాలో సూపించడానికి ఎవరొస్తారు?"

దేవి చేతుల మట్టి దులుపుకుని పడవెక్కింది. వెనక లక్ష్ముడు, వెనక ఇంకా చాలామంది. తాతమ్మని ఒడ్డునే ఉండమంటే వినలేదు.

గోవిందరావుకి కబురందింది. స్టేషన్‌కి ఫోన్ చేశాడు. ఈసారి జీపు చాలదని, వ్యాను పంపమని ఎస్సై పైవాళ్ళని అడిగాడు. వ్యాను వచ్చింది. పోలీసులు దిగి చూస్తే గట్టు పొడవునా రెండు ఊళ్ళ మనుషులు నిలబడి ఉన్నారు. నీలవేణి గునపం ఎత్తి దించుతోంది. ఎస్సై ఆపమని అరిచాడు. ఆమె అతని వైపు చూడను కూడా లేదు.

గండి పడింది. ఉప్పునీరు ఏటి వైపు కదిలింది.